కుబాన్ గొంతు పోలేదు

కుబాన్ గొంతు పోయిందని మా కాంపౌండు బెంచీ మీద ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ మాట పుట్టించింది మూడో గుమ్మం తుర్దుగుల్. గొంతులో కాయ లేచిందట, డాక్టర్లు కోసి తీసేశారట, పాతరోజుల్లోలా అరవడం చేతకాక ఇప్పుడు నెమ్మదిగా మూలుగుతున్నాడట, ఆ మూలుగుకు బ్లూస్ అని పేరు తగిలించుకున్నాడట. ఏ డాక్టరమ్మా అని అడిగితే పేరు చెప్పదు. ఎవరు చెప్పారమ్మా అంటే "అందరూ అంటున్నారు" అంటుంది. ఆ అందరిలో నేను లేను. ముప్పై ఒక్క ఏళ్లుగా కుబాన్ ఇంటి కింద కాపురముంటున్నాను. వాడి నేల నా పైకప్పు. వాడి గొంతు సంగతి నాకు తెలియకుండా డాక్టరుకు తెలిసే దారి లేదు.

నేను చదివింది నాలుగో తరగతి. ఐదో తరగతిలో చేరాల్సిన వేసవిలో గొర్రెల వెంట కొండెక్కాను, మళ్లీ బడి మెట్లు ఎక్కలేదు. అందుకని నా మాట ఒక వరసలో నడవకపోవచ్చు. కానీ చూడనిది చెప్పను, విననిది అసలే చెప్పను. వినడానికి మా ఇంట్లో మంచి ఏర్పాటు కూడా ఉంది. చలికాలం వేడినీళ్లు పారే ఇనప గొట్టం వాడి గదిలోంచి దిగి నా వంటింటి మూల నుంచి పోతుంది. దానికి చెవి ఆనిస్తే పైన టీ నీళ్లు మరగడం కూడా తెలుస్తుంది. ఆ గొట్టం మీద నేను గరిటెతో ఒక దెబ్బ కొడితే మోత తగ్గించమని. రెండు దెబ్బలు కొడితే టీకి దిగమని. ఒక్క దెబ్బే ఎక్కువసార్లు కొట్టాను. ఈ ముప్పై ఏళ్లలో మూడు గరిటెలు వంగిపోయాయి.

వాడు అంత మోత చేసేవాడు. వాడు పాడే రాక్ బృందం పేరు 'వడగళ్లు'. పేరు పెట్టినవాడు ఎవడో గానీ సరిగ్గా పెట్టాడు. మా రాజధాని బిష్కెక్‌లో మైదానం ఉన్న ప్రతిచోటా ఆ నలుగురూ వడగళ్లు కురిపించారు. కుబాన్‌కు జుట్టు నడుం దాకా ఉండేది. జూలై ఎండలో కూడా తోలు కోటు విప్పేవాడు కాదు. "లోపల చొక్కా లేదా నాయనా?" అని ఒకసారి అడిగాను. "ఉంది ఆపా, కానీ అది ఇస్త్రీ చెయ్యలేదు," అన్నాడు. ఆపా అని మాలో పెద్ద వయసు ఆడవాళ్లను పిలుస్తాం. మా గోడల మీద వాడి పేరు రాసిన ఆడపిల్లలు ఇప్పుడు అమ్మమ్మలయ్యారు. వాళ్లలో తుర్దుగుల్ ఒకతె. అది కూడా చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆవిడ చెప్పదు.

వాళ్లమ్మ గురించి చెప్పకపోతే కుబాన్ అర్థం కాడు.

ఉమ్సునై అక్క నా కంటే తొమ్మిదేళ్లు పెద్ద. చావు ఇళ్లలో కోషోక్, అంటే పోయినవాళ్ల మీద కట్టే ఏడుపు పాట, పాడేది. మాలో ఎవరైనా పోతే కాంపౌండులోనే, కార్లకూ పిల్లల ఉయ్యాలలకూ మధ్య, ఉన్ని గుడారం వేస్తాం. పోయినవాళ్లు లోపల ఉంటారు. ఆడవాళ్లు లోపల గోడవైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని కూర్చుని కోషోక్ పాడతారు. మగవాళ్లు బయట వరసగా కర్రల మీద వంగి నిలబడి, చుట్టాల బస్సు కనపడగానే గొంతెత్తి ఏడుస్తారు. కోషోక్ మగవాడి నోట రాకూడదు. గుమ్మం ముందు అరుపు ఆడదాని నోట రాకూడదు. మా తాతల నాటి నుంచీ అంతే.

ఏడుపు అందరికీ వస్తుంది, కోషోక్ అందరికీ రాదు. పోయినవాడు డ్రైవరైతే డ్రైవరుకు తగిన మాటలు, పంతులమ్మైతే పంతులమ్మకు తగిన మాటలు ఉమ్సునై అక్క అప్పటికప్పుడు కట్టేది. పైన ఎక్కడో ఎత్తుకుని ఒక్కొక్క మెట్టే దిగుతూ వచ్చి, చివర మాట ఆగిపోయాక కూడా ఒక సన్నటి గొంతు జీర మిగిల్చేది. ఇసుకలో ఇంకే నీళ్ల చప్పుడులా ఉండేది అది. పక్క జిల్లాల నుంచి కార్లు వచ్చి తీసుకువెళ్లేవి. నేనూ ప్రతిచోటికీ వెంట వెళ్లేదాన్ని. తోడు కోసం అని అందరితో చెప్పేదాన్ని గానీ, ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఏ అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు అన్నది చూడ్డానికే వెళ్లేదాన్ని. ఆమెకూ తెలుసు. దారిలో "ఈసారి ఏం పట్టావే బురుల్?" అని అడిగి మరీ చెప్పించుకునేది.

కొడుకే కారు నడిపేవాడు. ఆ పూట కచేరీ ఉన్నా సరే తల్లిని దించి, జుట్టంతా టోపీలోకి దోపుకుని, మగవాళ్ల వరసలో నిలబడేవాడు. లోపల తల్లి ఎత్తుకునేది, బయట కొడుకు అందుకునేవాడు. వాడు ఏడిస్తే వీధి చివర కుక్కలు మొరగడం మానేవి. "ఇంత గొంతు ఉన్నవాడికి మైకు ఎందుకండీ?" అని ముసలివాళ్లు అనుకునేవారు.

నిరుడు ఆప్రికాట్ పూసిన వారంలో ఉమ్సునై అక్క పోయింది. ఎనభై నాలుగేళ్లు. పొద్దున టీ తాగి, గిన్నె బోర్లించి, కిటికీ దగ్గర కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది. మా కాంపౌండులో గుడారం లేచింది. అందరి చావుకూ పాడిన మనిషి చావుకు పాడేవాళ్లు లేరని మాకు అప్పుడు తెలిసింది. ఆమెకు కూతుళ్లు లేరు. కోడలు పదేళ్ల కిందటే విడిపోయి వెళ్లిపోయింది. ఊరి నుంచి వచ్చిన పిల్లలు వెక్కివెక్కి ఏడ్చారు గానీ ఒక్కరికీ మాట కట్టడం రాలేదు. నేను ఎత్తుకుని చూశాను. నా గొంతు గరిటె గొంతు. రెండు మాటలకే ఆగిపోయింది.

బయట అంతకంటే అన్యాయం జరిగింది. నడుముకు గుడ్డ కట్టుకుని, కర్ర పట్టుకుని కుబాన్ నిలబడ్డాడు. బస్సులు వస్తున్నాయి. చుట్టాలు ఏడుస్తూ పరుగున వస్తున్నారు. వాడి నోరు తెరుచుకోలేదు. రెండు రోజులు. ఒక్క కేక లేదు. మెడ కొంచెం పక్కకు వంచి, రాయిలా నిలబడ్డాడు.

ఉమ్సునై అక్క తమ్ముడు బెకిష్ కోచ్కోర్ వైపు నుంచి పాతికమందితో దిగాడు. ఎనభై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి, బస్సు మెట్టు మీదనే గొంతెత్తాడు. గుమ్మం దగ్గరికి వచ్చి మేనల్లుణ్ణి చూసి ఏడుపు మధ్యలో ఆపేశాడు.

"ఏరా, నలభై ఏళ్లు పరాయివాళ్ల కోసం గొంతు చించుకున్నావు. కన్నతల్లికి ఒక్క కేక దాచిపెట్టలేదా?" అన్నాడు.

కుబాన్ తల వంచుకున్నాడు.

"టికెట్ కొనలేదనా?"

మట్టి వేసి వచ్చాక బెకిష్ బస్సెక్కుతూ అందరి ముందూ అన్నాడు. "ఏడాది విందుకు నా కోసం చూడకు. నీ గుమ్మంలో నా చేతులు లేవవు."

ఏడాది తిరిగాక పోయినవాళ్ల పేర పెట్టే ఆ విందులో మేనమామ చేతులెత్తి దీవించకపోతే ఎంత పెద్ద గుర్రాన్ని కోసినా అది విందు కాదు. తల్లివైపు చుట్టరికం అక్కడితో తెగినట్టే. కుబాన్ తండ్రివైపు వాళ్లు ఎప్పుడో చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ఈ మామ కూడా పోతే వాడు చచ్చాక గుడారం ముందు కర్ర పట్టుకుని నిలబడే చుట్టం ఒక్కడు ఉండడు. ఇది వాడికి తెలుసు, నాకు తెలుసు, బెంచీకి కూడా తెలుసు.

ఆ రోజు నుంచి గొట్టం మూగబోయింది. ఏడాది మైల కదా, పాట ముట్టుకోకూడదు, అది న్యాయమే. కానీ వాడు మాటా ముట్టుకోలేదు. నేను రెండు దెబ్బలు కొట్టేదాన్ని, దిగి వచ్చేవాడు, టీ తాగేవాడు, "రుణపడ్డాను ఆపా," అన్నట్టు గుండె మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయేవాడు. నేను ఇరవై ప్రశ్నలు వేస్తే ఒక్కదానికి తల ఊపేవాడు. గొంతు పోయిందన్న మాట అప్పుడే పుట్టింది. ఏడు నెలలు అలా గడిచాయి.

నవంబరులో, గొట్టంలోకి వేడినీళ్లు వదిలిన వారం, నేను పిండి పిసుకుతున్నాను. పైన ఎవరో ఏడుస్తున్నారు. మగ ఏడుపు కాదు, ఆడ ఏడుపు కాదు. సన్నగా ఎత్తుకుని జారుతూ, జారుతూ కిందికి వస్తోంది. వీడికి ఇన్నాళ్లకు ఏడుపు తన్నుకొచ్చింది, ఒంటరిగా ఉన్నాడు అనుకుని, పిండి చేతులతోనే పొయ్యి మీద కాగుతున్న నిన్నటి సూప్ గిన్నె పట్టుకుని మెట్లెక్కాను. తలుపు గడియ లేదు.

వాడు ఏడవడం లేదు. మంచం అంచున కూర్చుని గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. చిటికెన వేలికి ఉమ్సునై అక్క కుట్టుపనిలో తొడుక్కునే ఇత్తడి టోపీ ఉంది. దాన్ని తీగ మీద పెట్టి పైనుంచి కిందికి జారుస్తున్నాడు. ఏడ్చేది ఆ తీగ.

"ఏడాది తిరక్కుండా పాటేంట్రా?" అన్నాను. కోపం నటించాను గానీ, కాళ్లు గుమ్మం దాటి లోపలికే వెళ్లాయి.

"పాట కాదు ఆపా. ఆ గిన్నె ఇటివ్వు, వేడిగా ఉన్నట్టుంది."

"పాట కాకపోతే ఏంటది?"

"నువ్వే చెప్పు. నువ్వేమనుకుని పరిగెత్తుకొచ్చావు?"

"నువ్వు ఏడుస్తున్నావనుకున్నాను."

"అయితే సరిగ్గానే వాయించాను," అని సూప్ తాగాడు. ఏడు నెలల్లో వాడు అన్ని మాటలు ఒకేసారి అనడం అదే మొదలు. నేను అక్కడే కూర్చున్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు, లేవమని కూడా అనలేదు.

ఆ పూట బ్లూస్ అంటే ఏమిటో చెప్పాడు. సైన్యంలో ఉన్నప్పుడు ఒక తోటి సిపాయి దగ్గర గీతలు పడిన రికార్డు ఒకటి విన్నాడట. సముద్రాల అవతల, పత్తి చేలల్లో బానిసలుగా బతికిన నల్లవాళ్ల పిల్లలు పాడుకున్న పాటట అది. "అప్పుడు నాకు ఇరవై ఏళ్లు ఆపా. ఆ పాటలో ఉన్న జోరు ఒక్కటే తీసుకున్నాను, బాధ అక్కడే వదిలేశాను. నలభై ఏళ్లు జోరు మీదే బతికాను."

"ఎలా ఉంటుంది పాట?"

"ఒక మాట అంటారు. అదే మాట మళ్లీ అంటారు. మూడోసారి దానికి జవాబు చెబుతారు."

నేను నవ్వాను. "దానికోసం సముద్రాలు దాటడం దేనికి? మీ అమ్మ అదే చేసేది కదా."

గిన్నె కింద పెట్టాడు. "అమ్మ మాటలు నాకు గుర్తు లేవు ఆపా. నేనెప్పుడూ గుడారం బయటే. ఉన్ని గోడలోంచి రాగం వినపడేది, మాట వినపడేది కాదు. లోపల నువ్వు ఉన్నావు."

అదీ సంగతి. జీవితమంతా నా ఆరాను తిట్టనివాళ్లు లేరు. మా ఆయన బతికుండగా "దీని చెవులు కోసి అరుగు మీద పెడితే కాంపౌండుకు కాపలా అక్కర్లేదు" అనేవాడు. ఆ చెవులతో నేను చావు ఇళ్లలో విన్నదంతా ఎక్కడికీ పోలేదు. గుర్రాల డాక్టరు చనిపోయినప్పుడు ఉమ్సునై అక్క ఎత్తుకున్న కోషోక్ ఆ మంచం పక్కనే చెప్పాను.

పగ్గం పట్టిన చెయ్యి ఏదీ, గుర్రం వాకిట నిలిచింది
పగ్గం పట్టిన చెయ్యి ఏదీ, గుర్రం వాకిట నిలిచింది
గుర్రానికేమని చెప్పేది, గడ్డి ముట్టనంటోంది

కుబాన్ మూడుసార్లు చెప్పించుకున్నాడు. నాలుగోసారి నేను చెబుతుంటే ఇత్తడి టోపీ తీగ మీద జారింది. ఉమ్సునై అక్క పక్క గదిలోంచి వస్తున్నట్టే ఉంది.

ఆ చలికాలమంతా వాడి కష్టం నేను చూశాను, అందుకే చెబుతున్నాను. అరవై రెండేళ్ల మనిషి, పేరున్న మనిషి, ఎలిమెంటరీ పిల్లాడిలా మొదటి నుంచి నేర్చుకున్నాడు. పొద్దున పది గంటలకు కూర్చుంటే మధ్యాహ్నం రెండు దాకా ఒకే జారుడు. కొండ దిగే గుర్రంలా ఎక్కడ ఆగాలో, ఎక్కడ కాలు జార్చాలో అదే పని. ఒక్కో మెట్టు దగ్గర వారం పట్టేది. కుడిచెయ్యి పాత అలవాటు కొద్దీ తొందరపడితే ఎడమచేత్తో దాని మీద ఒకటి కొట్టేవాడు. "నేర్చుకోవడం తేలికే ఆపా. నేర్చుకున్నది మానడమే కష్టం," అనేవాడు. నేను గొట్టానికి చెవి ఆనించి విని, తప్పు దిగితే ఒక దెబ్బ కొట్టేదాన్ని. పైన నవ్వు వినపడేది, మళ్లీ మొదలు.

పాత బృందంలో మిగిలింది డ్రమ్ములు వాయించే వాదిమ్ ఒక్కడే. పక్క గుమ్మంలో ఉంటాడు. రష్యన్ మనిషే గానీ మా భాషలో తిట్టడం మా వాళ్ల కంటే బాగా వచ్చు. ఒకరోజు కుబాన్ కొత్త పాట వినిపిస్తే మొత్తం విని, "ఒరే ముసలి గుర్రమా, నీ నడకకు నా డ్రమ్ములు దేనికిరా? రెండు చెంచాలు చాలు," అన్నాడు.

"చెంచా ఎందుకు, గరిటె ఉంది," అన్నాడు కుబాన్.

వాళ్లు హాస్యమాడుతున్నారనుకున్నాను. కాదు. జనవరిలో గది గోడలకు ఉమ్సునై అక్క రజాయిలన్నీ వేలాడదీసి, మైకు ఒకటి గొట్టం పక్కన పెట్టి, నన్ను గరిటె తెమ్మన్నారు. రాగిది కాదట, ఇనపదే కావాలట.

"ముందు నువ్వు కొట్టు ఆపా," అన్నాడు కుబాన్.

"పాడేది నువ్వు, ముందు నేనెందుకు కొట్టాలి?"

"నేను మొదలుపెట్టలేను."

"వీడెప్పుడూ ఇంతే," అన్నాడు వాదిమ్. "నలభై ఏళ్ల నుంచి చూస్తున్నాను. పక్కన ఎవరో ఒకరు మొదటి దెబ్బ వెయ్యకపోతే వీడికి నోరు రాదు. పెళ్లిలో కూడా 'ఒప్పుకుంటున్నాను' అనడానికి నేను మోచేత్తో పొడవాల్సి వచ్చింది."

"అందుకే నిలబడలేదు," అన్నాడు కుబాన్. ముగ్గురం నవ్వుకున్నాం. తర్వాత నేను గొట్టం మీద ఒక దెబ్బ కొట్టాను. ముప్పై ఏళ్లుగా నోరు ముయ్యమని కొట్టిన దెబ్బ అది. ఆ దెబ్బ మీద వాడు నోరు తెరిచాడు.

గొంతు పోయిందని అన్నవాళ్లు ఆ గదిలో ఉండాల్సింది. వెనకటికి వాడి గొంతు గుర్రం దౌడు. ఇప్పుడది అదే గుర్రం, పగ్గం బిగించి పట్టిన గుర్రం. ఎంత బలం ఉంటే అంత నెమ్మదిగా నడపగలడో అప్పుడు నాకు తెలిసింది. తొమ్మిది పాటలు చేశారు. తొమ్మిదీ తల్లి దిగుడు మీద కట్టినవే. మాటలు కొన్ని ఆమెవి, కొన్ని వాడివి. బయటికి మాత్రం వదల్లేదు. "విందు అయ్యాకే," అన్నాడు. "మామ వచ్చినా, రాకపోయినా." రాకపోయినా అన్న మాట వాడి నోట్లో సరిగ్గా కదల్లేదు.

ఫిబ్రవరి ఆఖరున వాడు మామకు కబురు పెట్టాడు. జవాబు రాలేదు. మార్చిలో ఫోను చేశాడు. ఎవరో ఎత్తి, ఆయన గుర్రాల దగ్గర ఉన్నాడని పెట్టేశారు. ఆ రోజు పైన గిటారు లేదు, టీ నీళ్ల చప్పుడు కూడా లేదు. నేను వాదిమ్‌ను పిలిచి పాటల డిస్కు ఒకటి ఇమ్మన్నాను.

"కుబాన్‌ను అడిగావా?"

"అడిగితే వద్దంటాడు. అందుకే నిన్ను అడుగుతున్నా."

మర్నాడు పొద్దున కోచ్కోర్ వెళ్లే కారులో ఒక సీటు పట్టుకున్నాను. దారి పొడవునా డ్రైవరు పెళ్లి పాటలు పెట్టాడు. నేను నా డిస్కు తీయలేదు. అది వినాల్సిన చెవులు వేరే ఉన్నాయి.

బెకిష్ వాకిట్లో కూర్చుని జీను కుట్టుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"వాడు పంపాడా?"

"వాడికి తెలియదు. నేనే వచ్చాను. కాళ్లు నొప్పులు, నడుం నొప్పి, అయినా వచ్చాను. టీ పోస్తే తాగుతాను, పొయ్యకపోతే చూసి వెళ్తాను."

"చూడ్డమే కదా నీ వృత్తి," అన్నాడు. అయినా కోడల్ని కేకేసి టీ తెమ్మన్నాడు.

ఇంట్లో డిస్కు పెట్టే పెట్టె లేదు. కారులో ఉంది. డ్రైవరు వెనక్కి వెళ్లే సవారీల కోసం బేరాలాడుతుంటే, "పది నిముషాలు నాయనా, నీకు పుణ్యముంటుంది," అని వాడి కారు వాకిట్లోకి తెప్పించాను. బెకిష్ ముందు సీట్లో కూర్చున్నాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట, ఉన్ని టోపీ తీసి మోకాలి మీద. నచ్చకపోతే దిగిపోవడానికి అలా కూర్చున్నాడని నాకు అర్థమైంది.

గరిటె దెబ్బ పడింది. "ఇదేంటి?" అన్నాడు.

"అది నేను."

కుబాన్ ఎత్తుకున్నాడు. పగ్గం పట్టిన చెయ్యి ఏదీ. బెకిష్ మొహం మారలేదు. రెండోసారి అదే మాట. మొహం మారలేదు. మూడో మాట దిగుతూ దిగుతూ వచ్చి, మాట ఆగిపోయాక ఆ సన్నటి జీర మిగిలింది. ఆయన బయట ఉన్న కాలు లోపలికి తీసుకున్నాడు. తలుపు తనే లాక్కున్నాడు. అద్దంలోంచి చూశాను. చెయ్యి కళ్ల మీద ఉంది.

పాట అయ్యాక డ్రైవరు కారు తియ్యబోతే, "మళ్లీ పెట్టరా," అన్నాడు. మూడుసార్లు విన్నాడు. దిగాక టోపీ పెట్టుకుని సర్దుకున్నాడు.

"గొంతు వాడిది. దిగుడు మా అక్కది," అన్నాడు. "ఇంత తెలిసినవాడు ఆ రోజు ఎందుకు మూగవాడయ్యాడు?"

"ఏమో. అడగలేదు."

"నువ్వు?" ఆయన నమ్మలేదు. "బురుల్ అడగలేదా? కొత్త పెళ్లికూతురి వయసు మొహం మీద అడిగినదానివి."

నిజమే, ఏడాదిగా అడగలేదు. ఇరవై ప్రశ్నలు అడిగాను గానీ ఆ ఒక్కటి నోటి దాకా వచ్చి వెనక్కి పోయేది. కొన్ని ప్రశ్నలు మనిషిని పడగొడతాయి. నాకు కుబాన్ నిలబడి కావాలి.

వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఎండిన పెరుగు ఉండల సంచి ఒకటి ఇచ్చి, "ఇవి నీకు, వాడికి కాదు," అన్నాడు. సంచి ఇద్దరు తినేంత ఉంది.

ఏప్రిల్లో ఆప్రికాట్ మళ్లీ పూసింది. కాంపౌండులో గుడారం మళ్లీ లేచింది. వాదిమ్ కట్టెలు కొట్టాడు, మగవాళ్లు గుర్రాన్ని కోశారు, బోర్సోక్ రొట్టెలు వేయించే బాధ్యత నాది. తుర్దుగుల్ పిండి వత్తింది, తప్పులేదు, ఆవిడ చెయ్యి మంచిదే. కుబాన్ తోలు కోటు వేసుకోలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర పొద్దుటి నుంచి నిలబడ్డాడు. వచ్చిన ప్రతి కారుకూ మెడ చాపి, మళ్లీ వెనక్కి వాలేవాడు. మాంసం ఉడికింది. వడ్డించడానికి మామ కోసం ఆగాలా, ఆగకూడదా అని పెద్దలు గొణుగుతున్నారు. మధ్యాహ్నం దాటాక కోచ్కోర్ కారు వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి ఉన్ని టోపీ దిగింది.

ఆ రోజు బెకిష్ చేతులెత్తి దీవించాడు. అది కాంపౌండంతా చూసింది, తుర్దుగుల్ కూడా చూసింది, ఎవరినైనా అడగండి. కానీ చేతులెత్తే ముందు ఏం జరిగిందో గుడారంలో పై వరసలో కూర్చున్నవాళ్లకే తెలుసు. నేను టీ గిన్నెలు అందిస్తూ అక్కడే ఉన్నాను.

గుర్రం తల మాంసం ఆయన ముందు పెట్టారు. కుబాన్ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆయన కత్తి ముట్టుకోలేదు. అరచేతులు తెరిచి ఒళ్లో పెట్టుకుని, పైకెత్తకుండా ఉండిపోయాడు.

"పాట విన్నాను," అన్నాడు. "మూడుసార్లు విన్నాను. కానీ ఆ రోజు బస్సు దిగి చూసిన మొహం ఇంకా నా కళ్లల్లో ఉంది. నేను అడిగితే తిట్టినట్టుంటుంది. బురుల్, ఊరందర్నీ అన్నీ అడుగుతావు. నువ్వడుగు."

నేను గిన్నె కింద పెట్టాను. "కుబాన్, నాయనా. ఆ రోజు గుమ్మం ముందు నోరెందుకు తెరవలేదు?"

కుబాన్ మామ వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. ఉన్ని గోడ వైపు, ఆడవాళ్లు తిరిగి కూర్చునే చోటు వైపు చూశాడు.

"ఎప్పుడూ లోపల అమ్మ ఎత్తుకునేది, బయట నేను అందుకునేవాణ్ణి," అన్నాడు. "ఆ రెండు రోజులూ అమ్మ ఎత్తుకుంటుందేమోనని చెవి ఒగ్గి నిలబడ్డాను, ఆపా."